నౌక దిగిన పూట... విశాఖలో భోజనమెక్కడ?

విశాఖపట్నం: రైలులోనో, బస్సులోనో వచ్చిన అతిథికి ఊళ్లో ఒక పూట భోజనం బాగుండకపోతే మరో పూట ఉంటుంది. విహార నౌకలో వచ్చిన అతిథికి ఆ అవకాశం లేదు. ఉదయం రేవులో దిగి, సాయంత్రానికో రాత్రికో తిరిగి నౌక ఎక్కాల్సిన వారికి ఊరు పెట్టేది ఒకే ఒక్క మధ్యాహ్న భోజనం. అది కుదిరితే విశాఖ రుచి తెలిసి వెళతారు. కుదరకపోతే కొండలు, తీరం చూసి, ఆకలితో తిరిగి నౌకలోని భోజనశాలకే చేరతారు. నౌక టికెట్టులోనే మూడు పూటల తిండి ఖర్చు కలిసి ఉంటుంది కనుక వారికి పోయేదేమీ లేదు. పోయేది ఊరికే. రేవుకు కూతవేటు దూరంలో పొయ్యి వెలిగించి కూర్చున్న భోజన హోటళ్లకు ఆ రోజు మామూలు రోజుగానే గడిచిపోతుంది.

సముద్రం మీదుగా వచ్చే బంధుమిత్రులను ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్న ఇప్పుడు నగరవాసులకూ ఎదురవుతోంది. చెన్నై, పుదుచ్చేరి వైపు నుంచి నౌకలో వచ్చేవారిలో తెలుగువారు కూడా ఉంటున్నారు. ఈ నేపథ్యంలో రేవు దిగినవారికి మంచి భోజనం దొరికే తావులు, వేళలు, తెలుసుకోవాల్సిన సంగతులపై కథనం.

రేవుకు కొత్త అతిథులు

విశాఖ రేవు 1933లో నౌకల రాకపోకలకు తెరుచుకుంది. ఖనిజం, బొగ్గు, నూనె, ఎరువులు... దశాబ్దాల పాటు ఈ రేవుకు సరుకే ప్రాణం. ప్రయాణికుల నౌకలంటే నగరవాసులకు తెలిసినవి అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ (ప్రస్తుతం శ్రీవిజయపురం) వెళ్లే ప్రభుత్వ నౌకలే. వాటిలో ఎక్కేవారు దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం మూటలు కట్టుకుని వచ్చేవారే తప్ప రేవు పక్కన భోజనం వెతుక్కునేవారు కాదు.

2022 జూన్ 8న కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక రాకతో పరిస్థితి మారింది. ఆ తరువాత ఔటర్ హార్బర్‌లో సుమారు రూ. 96 కోట్ల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న కేంద్ర నౌకాయాన శాఖ మంత్రి సర్వానంద సోనోవాల్ ప్రారంభించారు. 2024 ఏప్రిల్ చివరి వారంలో 'ది వరల్డ్' అనే నివాస నౌక ఇక్కడ లంగరు వేసింది. అందులోని గదులు అద్దెకిచ్చేవి కావు, యజమానులు కొనుక్కుని కాపురముండేవి. అలాంటివారు కూడా దిగగానే అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇక్కడివారు ఏం తింటారనే!

గేటు బయట వెతకరాదు

రేవు పట్టణాలన్నింటికీ వర్తించే సూత్రం ఒకటుంది. నౌక ఆగే చోటుకు ఎంత దగ్గరగా ఉంటే భోజనం అంత పలుచన. గేటు ముందు కనిపించే దుకాణం మళ్లీ రాని గిరాకీని నమ్ముకుని నడుస్తుంది. నాలుగు వీధుల లోపలున్న మెస్సు మాత్రం రేపు కూడా రావాల్సిన వారిని నమ్ముకుని వండుతుంది. రెండింటి వంటలోనూ ఆ తేడా తెలుస్తుంది.

విశాఖ విషయంలో దీనికి మరో కారణం తోడవుతుంది. టెర్మినల్ చుట్టూ ఉన్నది ఊరు కాదు, రేవు. లారీలు, క్రేన్లు తిరిగే ఆ ప్రాంతంలో భద్రతా కారణాల వల్ల ప్రయాణికులను కాలినడకన తిరగనివ్వరు. బస్సులోనో, ముందుగా మాట్లాడుకున్న వాహనంలోనో గేటు దాటాలి. గేటు దాటాక ఎటు తిరగాలన్నది ముందే నిర్ణయించుకోనివారు ఆటో డ్రైవరు చెప్పిన చోటికే వెళతారు. అతిథులను తెచ్చినవారికి కొంత ముట్టజెప్పే హోటళ్లు ప్రపంచంలోని ప్రతి రేవులోనూ ఉంటాయి. ఇందులో డ్రైవరును తప్పుపట్టడం కన్నా 'ఏదైనా మంచి హోటలుకు పోనీ' అని చెప్పకపోవడమే మేలు. పేట పేరు చెప్పాలి. మహారాణిపేట అనో, జగదాంబ కూడలి అనో, డాబాగార్డెన్స్ అనో చెబితే ఊరు తెలిసినవారి వెంట వచ్చారని డ్రైవరుకు అర్థమవుతుంది.

నౌక సంస్థలు ఏర్పాటు చేసే టూరు బస్సుల్లో వెళ్లేవారికి ఈ వెసులుబాటు ఉండదు. ఒకేసారి వందమందిని కూర్చోబెట్టగల పెద్ద హోటలుకే బస్సు వెళుతుంది. అక్కడ బఫే ఉంటుంది. పనీర్ కూర, నూడుల్స్, చప్పగా చేసిన చేప వేపుడు ఉంటాయి. శుభ్రతకు లోటుండదు కానీ ఆ భోజనం కొచ్చిలోనైనా, గోవాలోనైనా అలాగే ఉంటుంది.

ఉద్యోగుల వెంట నడిస్తే చాలు

రేవు దిగినవారికి దగ్గరలో, నమ్మదగిన భోజనం దొరికే ప్రాంతంగా మొదట చెప్పుకోవాల్సింది మహారాణిపేట. కలెక్టరేట్, జిల్లా కోర్టు, కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల... అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. గుమస్తాలు, వకీళ్లు, కక్షిదారులు, వైద్య విద్యార్థులు, రోగులకు తోడుగా పల్లెల నుంచి వచ్చినవారు రోజూ మధ్యాహ్నం భోజనం చేయాల్సిందే. వీరెవరూ పర్యాటకులు కారు. ఒక రోజు పప్పు మాడితే మర్నాడు పక్క మెస్సుకు వెళతారు. అందువల్ల ఈ వీధుల్లోని భోజన హోటళ్లు బోర్డు మీద కన్నా వంట మీదే ఎక్కువ శ్రద్ధ పెడతాయి. బల్లలు ఇరుకుగా ఉంటాయి. ఎదుటి కుర్చీలో అపరిచితులు కూర్చుంటారు. తిన్నవెంటనే లేవాలి. ఈ మాత్రం సర్దుకోగలిగిన వారికి నగరంలో ఇంతకంటే నికరమైన భోజనం దొరకడం కష్టం.

పాత నగరం సంగతి వేరు. వన్‌టౌన్‌గా పిలిచే ఈ ప్రాంతం రేవుకు ఆనుకునే ఉంది. కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, కోటవీధి, బురుజుపేట... విశాఖ నగరం పుట్టింది ఈ సందుల్లోనే. రేవుకు ఎదురుగా చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి ఆలయం వెలసిన మూడు కొండలూ ఇక్కడే ఉన్నాయి. ఈ కొండల కింద ముస్లింలు నడిపే బిర్యానీ హోటళ్లు, వర్తకుల కోసం వెలసిన శాకాహార మెస్సులు, హమాలీలు నిలబడి తినే బండ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పాత భవనాలు చూస్తూ నడవాలనుకునేవారికి ఇది అనువైన చోటు. వాహనంలో వెళ్లాలనుకుంటే మాత్రం నరకమే. సందులు ఇరుకు, మధ్యాహ్నం వేళ సరుకు దించే బండ్లతో నిండి ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి భక్తులు తరలివస్తారు. గురువారాల్లో వన్‌టౌన్‌లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. మార్గశిరం నవంబరు, డిసెంబరు నెలల్లో వస్తుంది. విదేశీ నౌకలు తిరిగే చలికాలం కూడా అదే. నౌక వచ్చింది మార్గశిర గురువారమైతే భోజనానికి పాత నగరం వైపు వెళ్లకపోవడం మంచిది. జాతర చూడాలన్న కోరిక ఉంటే వేరే మాట!

కుటుంబంతో, పెద్దవారితో, చంటిపిల్లలతో వచ్చినవారికి మెస్సులు ఇబ్బందే. అలాంటివారు జగదాంబ కూడలి, సూర్యాబాగ్, డాబాగార్డెన్స్ వైపు వెళ్లవచ్చు. దసపల్లా, డాల్ఫిన్ వంటి పాత హోటళ్లు ఇటే ఉన్నాయి. ఏసీ గది, శుభ్రమైన మరుగుదొడ్డి, మెనూ కార్డు ఉంటాయి. ఆంధ్ర భోజనం కూడా దొరుకుతుంది. మెస్సు కంటే బిల్లు ఎక్కువే అయినా, ఎండలో మూడు గంటలు తిరిగి వచ్చిన పెద్దవారికి అది డబ్బు దండగ కాదు.

పన్నెండు గంటల కీలకం

నౌక ప్రయాణికులు ఎక్కువగా పొరపడేది చోటు విషయంలో కాదు, వేళ విషయంలో. ఉదయం దిగినవారు ముందుగా కైలాసగిరికో, సింహాచలానికో వెళతారు. అక్కడి నుంచి బీచ్‌రోడ్డు చుట్టి, మధ్యాహ్నం రెండున్నరకు ఆకలి గుర్తొచ్చి హోటలు వెతుకుతారు. అప్పటికి మెస్సుల్లో గిన్నెలు కడుగుతుంటారు.

భోజన హోటళ్లలో అన్నం దిగేది పదకొండున్నర, పన్నెండు గంటల మధ్య. తొలి వాయిలో వేపుడు కరకరలాడుతుంది, చారు పొగలు కక్కుతుంది. ఒంటిగంటకు ఆఫీసుల రద్దీ మొదలవుతుంది. రెండు దాటాక మంచి ముక్కలు అయిపోతాయి. మిగిలింది పులుసే. మూడింటికి చాలాచోట్ల తలుపులు వేస్తారు. కాబట్టి పన్నెండుకే భోజనానికి కూర్చుని, చూడవలసినవి తరువాతకు పెట్టుకోవడం ఉత్తమం. రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దాని ఎదుట ఉన్న టీయూ-142 యుద్ధవిమాన మ్యూజియం మధ్యాహ్నం తరువాత చూసుకోవచ్చు. అయితే జలాంతర్గామికి సోమవారం సెలవన్నది గుర్తుంచుకోవాలి.

అతిథి వచ్చే వేళ... వల ఆగే వేళ

విశాఖలో దిగినవారు కోరేది సముద్రపు చేప. దీని గురించి ఏ ప్రకటనలోనూ కనిపించని విషయం ఒకటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను నిషేధిస్తారు. తెరచాప, తెడ్డుతో నడిచే సంప్రదాయ పడవలకు మాత్రమే మినహాయింపు. ఎంప్రెస్ నౌక తొలిసారి వచ్చిన 2022 జూన్ 8, 'ది వరల్డ్' వచ్చిన 2024 ఏప్రిల్ ఆఖరు... ఈ రెండూ నిషేధ కాలంలోనే పడ్డాయి. సముద్రం మీదుగా అతిథులు వచ్చిన రోజున సముద్రంలోకి వెళ్లాల్సిన బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉండడం గమనార్హం.

అలాగని ఆ రోజుల్లో హోటళ్లలో చేప ఉండదని కాదు. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జులై 31 వరకు ఉంటుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో అటువైపు చేప ఐసు పెట్టెల్లో ఇటు రావచ్చు. చెరువుల్లో పెంచే రొయ్య, పండుగప్ప ఎప్పుడూ ఉంటాయి. నాటు పడవలవారు తీరానికి దగ్గరలో పట్టే చిన్న చేప కొద్దిపాటిగా దొరుకుతుంది. ఇవేవీ తినకూడనివి కావు. కానీ 'ఈ ఉదయం హార్బర్‌లో పాడినది' అని ఎవరైనా మేలో వంజరం ముక్క వడ్డిస్తే ఆ మాట నమ్మనక్కర్లేదు.

నిషేధ కాలంలో స్థానికుల ఇళ్లలో ఏం వండుకుంటారో అదే అడగడం తెలివైన పని. అది మామిడికాయల కాలం. నెత్తళ్లు-మామిడికాయ, ఎండు రొయ్యలు-వంకాయ, ఉప్పుచేపల పులుసు... ఎండుచేప వాసన అలవాటు లేనివారికి తొలి ముద్ద కష్టమే. అలవాటున్న తెలుగువారికి మాత్రం తాజా చేప దొరకలేదన్న లోటు తెలియదు.

మిగతా పది నెలల్లో తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట మొదలవుతుంది. పాడుకున్న సరుకును మత్స్యకార మహిళలు తట్టల్లో, ఆటోల్లో మార్కెట్లకు, హోటళ్లకు చేరవేస్తారు. 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 40 బోట్లు దెబ్బతిన్నాయి. నగరం తినే చేప వెనుక ఎంతమంది బతుకులున్నాయో ఆ రోజు అందరికీ తెలిసింది. హార్బర్ చూడాలనుకునే పర్యాటకులు ఉదయమే వెళ్లాలి. పదింటికి అక్కడ మిగిలేది తడి నేల, కాకులే.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అల్పపీడనాల బెడద ఉంటుంది. రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే బోట్లు వెళ్లవు. రెండు రోజుల తరువాత ఆ ప్రభావం విస్తరిలో కనిపిస్తుంది. కార్తీక మాసంలో తెలుగు ఇళ్లలో చాలామంది మాంసాహారం మానేస్తారు కనుక చిన్న మెస్సుల్లో చేప తక్కువ వండుతారు. శాకాహారులకు మాత్రం అది మంచి కాలం.

'ఈ రోజు ఏం చేప?'

హోటలు మంచిదో కాదో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు. 'ఈ రోజు ఏం చేప?' అని అడగాలి. 'వంజరం ఉంది, కానాగంతలున్నాయి, చందువ రాలేదు' అని జవాబు వస్తే కూర్చోవచ్చు. 'అన్నీ ఉన్నాయి' అంటే లేచి రావడం మేలు. సముద్రం ఏ రోజూ అన్నీ ఇవ్వదు.

ముళ్లు తక్కువగా ఉండి, కొత్తవారికి తేలికగా ఉండేది వంజరం. దీని వేపుడు ఖరీదెక్కువ. చందువ మెత్తగా, రుచిగా ఉంటుంది. కవళ్లు, కానాగంతలు చవక. వీటిలో ముళ్లుంటాయి కానీ పులుసుకు ఇవే సరి. సొరచేపను ఉడికించి, ముళ్లు తీసి, ఉల్లి, అల్లం వేసి పొడిపొడిగా వేయించే సొర పుట్టు దొరికితే వదలరాదు. ఇది పెద్ద హోటళ్ల కన్నా మత్స్యకారుల ఇళ్లకు దగ్గరగా ఉండే చిన్న హోటళ్లలోనే కనిపిస్తుంది. పీతలు తినేవారు చేతులు పాడవుతాయని వెనుకాడకూడదు, గంట సమయం చేతిలో ఉంచుకోవాలి.

చేపల పులుసు గురించి ఒక చిన్న వివరణ. చింతపండు పులుపు ముక్కకు పట్టడానికి వేళ పడుతుంది కనుక రాత్రి వండిన పులుసు మర్నాటికే బాగుంటుందని తెలుగు ఇళ్లలో నమ్ముతారు. హోటలువారు 'పొద్దున్నే వండింది' అంటే అది చద్ది అని ముఖం చిట్లించనక్కర్లేదు. వేపుడు మాత్రం అప్పటికప్పుడు వేయించినదే తినాలి.

గంజాము నుంచి గోదావరి వరకు ఉన్న తీరంలో ఉత్తరాంధ్ర వంటకు తనదైన గుర్తులున్నాయి. గుంటూరు కారం ఇక్కడ కనిపించదు. పులుసుల్లో బెల్లం ముక్క వేస్తారు, కూరల్లో ఆవ ముద్ద కలుపుతారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, అరటికాయ కూర, గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పులో ఆవకాయ... శాకాహారులు ఇవి దొరికే చోటు వెతికితే చేప తినేవారిని చూసి నొచ్చుకోవాల్సిన పని ఉండదు. అయితే ఇవి మెనూ కార్డులో అరుదు. రోజువారీ కూరగా ఏది చేశారో అడిగి తెలుసుకోవాలి.

విస్తరి లెక్కలు

బయటి రాష్ట్రాల వారు, విదేశీయులు తికమకపడేది వడ్డన దగ్గర. ప్లేట్ మీల్స్ అంటే కొలత ప్రకారం పెట్టేది. ఫుల్ మీల్స్ అంటే అన్నం, పప్పు, కూరలు, చారు అడిగినన్ని సార్లు వడ్డించేది. ఫుల్ మీల్స్ ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకుంటామంటే ఒప్పుకోరు. మాంసాహార మెస్సుల్లో చేపల పులుసు, కోడికూర పులుసు భోజనంతో పాటు ఉచితంగా పోస్తారు. ముక్కకు మాత్రం వేరే ధర. పళ్లెంలో ముక్కలు పెట్టి బల్ల మీదకు తెచ్చినప్పుడు ఊరకే ఇస్తున్నారనుకుని తీసుకున్నవారు బిల్లు చూసి తగవు పడుతుంటారు. తీసుకునే ముందే ధర అడగడంలో తప్పులేదు.

పొడి, నెయ్యితో మొదలుపెట్టి, పప్పు, కూర, పులుసు, చారు దాటి పెరుగుతో ముగించడం వరస. కారం భరించలేనివారు పొడులు, పచ్చళ్లు పక్కన పెట్టి, పప్పు, నెయ్యి, పెరుగుతో కడుపు నింపుకోవచ్చు. 'కారం తగ్గించి వండండి' అని మెస్సులో అడగడం వృథా. అక్కడ వంట పొద్దున్నే అయిపోతుంది. ఆ కోరిక పెద్ద హోటళ్లలోనే తీరుతుంది. వేరుశనగ, జీడిపప్పు, ఆవాలు, రొయ్య పడనివారు ఆ సంగతి ముందే తెలుగులో చెప్పించాలి. వేరుశనగ నూనెతో వండే చోట్లు చాలా ఉన్నాయి. పచ్చళ్లలో వేరుశనగ గుళ్లు, నువ్వులు కలుస్తాయి. వంటవాడికి ఇది ప్రాణాల మీదకు తెచ్చే విషయమని తెలియకపోవచ్చు. మంచినీళ్లు సీలు ఉన్న సీసాలోవే తాగాలి, ఐసు వేసిన మజ్జిగ కొత్తవారు మానుకోవాలి.

బిల్లు విషయంలో వినియోగదారులకు కొన్ని హక్కులున్నాయి. మామూలు హోటళ్లలో భోజనంపై జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు రూ. 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. సర్వీస్ ఛార్జీ చెల్లించడం తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లు మీద ఆహార భద్రత సంస్థ జారీచేసిన 14 అంకెల నంబరు ఉండాలి. ఈ నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది. చిన్న మెస్సుల్లో విదేశీ కార్డులు పనిచేయవు. ఫోన్ చెల్లింపుల సదుపాయం లేనివారు వంద, రెండు వందల నోట్లు వెంట ఉంచుకోవాలి.

దూరపు ఆశలు వద్దు

బొంగులో చికెన్ తినాలన్న కోరికతో అరకు బయల్దేరే నౌక ప్రయాణికులున్నారు. నగరం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో చాలా భాగం ఘాట్ రోడ్డు. వెళ్లి రావడానికే రోజంతా సరిపోతుంది. నౌక రాత్రి కూడా రేవులోనే ఉంటే తప్ప ఆ ఆలోచన చేయరాదు. భీమునిపట్నం అంత దూరం కాకపోయినా, బీచ్‌రోడ్డు వెంట ఆగుతూ వెళ్లేవారికి తిరుగు ప్రయాణంలో వేళ మించిపోతుంది. రుషికొండ వరకు వెళ్లి, సముద్రం ఎదుట కూర్చుని తినడం సగం పూట చేతిలో ఉన్నవారికి కుదురుతుంది. బీచ్‌రోడ్డు హోటళ్లలో బిల్లులో కొంత భాగం సముద్ర దృశ్యానిది. ఆదివారం సాయంత్రం ఆ రోడ్డు ఊరంతటిదీ అవుతుంది. తిరిగి రేవుకు రావడానికి మామూలు కన్నా రెట్టింపు సమయం పట్టవచ్చు.

నౌక కదిలే వేళ, ప్రయాణికులు ఎక్కాల్సిన వేళ ఒకటి కావు. లంగరు ఎత్తడానికి అరగంట, గంట ముందే మెట్లు తీసేస్తారు. రేవు గేటు దగ్గర తనిఖీ, టెర్మినల్‌లో మరో తనిఖీ ఉంటాయి. టూరు బస్సు ఆలస్యమైతే నౌక ఆగవచ్చునేమో కానీ సొంతంగా భోజనానికి వెళ్లినవారి కోసం ఆగదు. ఎక్కాల్సిన వేళకు కనీసం గంటన్నర ముందు నగరం నుంచి బయల్దేరాలి. గుర్తింపు కార్డు, నౌక ఇచ్చిన కార్డు రెండూ జేబులో ఉండాలి.

మిగిలిన కూరను పొట్లం కట్టించుకుని నౌకలో తిందామనుకునేవారు ఆ ప్రయత్నం మానుకోవాలి. బయట వండిన ఆహారాన్ని చాలా నౌకలు లోపలికి అనుమతించవు, తనిఖీలోనే తీసి పక్కన పెడతారు. అనకాపల్లి జిల్లా మాడుగుల నుంచి వచ్చే హల్వా నగరంలోని మిఠాయి దుకాణాల్లో దొరుకుతుంది. సీలు వేసిన పెట్టె అయితే ఇంటికి తీసుకెళ్లడానికి చాలా నౌకల్లో అభ్యంతరం ఉండదు.